ఎంఎస్‌లో మతిమరుపుకి ప్రోబయోటిక్ వాడి చూశాను: నా అనుభవం

మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మన రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాముల్లోని నరాల తొడుగుని దెబ్బతీసే జబ్బు, నాకు ఉందని తేలి ఆరేళ్ళు దాటింది. మాలో చాలామందిలాగే నేనూ దాన్ని ఎంఎస్ అనే అంటాను. కాళ్ళ తిమ్మిర్లు, ఒకసారి ఎడమ కన్ను మసకబారడం, స్టెరాయిడ్ సెలైన్లు, ఇవన్నీ దాటాక ఆరు నెలలకోసారి ఎక్కించే ఆక్రెలిజుమాబ్ అనే మందు మీద కుదురుకున్నాను. ఎటాక్‌లు ఆగాయి. అవి ఆగాకే మతిమరుపు సంగతి నా కంటపడింది.

అది ఎలాంటి మతిమరుపో ముందు చెప్పాలి. చిన్నప్పటి సంగతులన్నీ గుర్తే. మనుషులూ ముఖాలూ గుర్తే. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మాత్రం ఇద్దరి మాటా పోతుంది. ఫోన్లో ఎవరైనా ఒక తేదీ, ఒక టైము, ఒక పేరు గబగబా చెబితే మూడోది వినేసరికి మొదటిది ఉండదు. ఆఫీసులో మీటింగు అయ్యాక నోట్సు తిరగేస్తే చేతిరాత నాదే, విషయం మాత్రం అప్పుడే మొదటిసారి చదువుతున్నట్టు ఉంటుంది. ఇంట్లో చెబితే మా ఆయన "అందరికీ ఉండేదేలే, నాకూ ఏదీ గుర్తుండట్లేదు" అనేవారు. ఓదార్పుగానే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

పోయిన ఫిబ్రవరిలో ఆ మందు ఎక్కించుకోవడానికి (ఇన్ఫ్యూజన్‌కి) వెళ్ళినప్పుడు డాక్టరు గారు నడిపించి, మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూసి, "బాగున్నారు" అన్నారు. అప్పుడు చెప్పేశాను, నడక బాగానే ఉంది సార్, బుర్రే బాగాలేదు అని. ఆయన ఆశ్చర్యపోలేదు. ఎంఎస్ ఉన్నవాళ్ళలో సుమారు సగం మందికి ఏదో ఒక స్థాయిలో ఇది ఉంటుందని, రోగులు చెప్పరు, మేమూ అడగమని అన్నారు. ఆరేళ్ళలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదన్నది నిజం.

నేను వెంటనే జ్ఞాపకశక్తికి ఏదో మాత్ర రాస్తారనుకున్నాను. ఆయన నేను అప్పటికే వాడుతున్న మాత్రల జాబితా అడిగారు. మూత్రం ఆపుకోలేకపోవడానికి ఎప్పటినుంచో ఆక్సీబ్యుటినిన్ వేసుకుంటున్నాను. ఆ రకం మందులు బుర్రని మందగింపజేస్తాయట. దాన్ని ఆపి మిరాబెగ్రాన్ రాశారు. థైరాయిడ్, బి12, విటమిన్ డి పరీక్షలు రాశారు. డిప్రెషన్ ఉందేమో చూడటానికి ఒక ప్రశ్నల కాగితం నింపించారు. రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తారని అడిగారు. మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు. దాన్ని కూడా రాసుకున్నారు. ఆ చివరి ప్రశ్న విలువ నాకు చాలా నెలల తర్వాత తెలిసింది.

మార్చిలో ఎమ్మారై. కొత్త మచ్చలేమీ లేవు. ఆ మాట వినగానే ప్రాణం కుదుటపడాలి కదా, పడింది కూడా. దాంతోపాటే ఒక దిగులు. మచ్చ కనబడితే కనీసం "ఇదిగో, ఇందువల్ల" అని ఇంట్లో చూపించేదాన్ని.

జ్ఞాపకం, ఆలోచన పరీక్షించే న్యూరోసైకాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంటుకి దాదాపు ఏడు వారాలు ఆగాల్సి వచ్చింది. ఈ ఆగడమే పెద్ద టెన్షన్. ప్రతి చిన్న తప్పూ లెక్కలోకి వస్తుంది. మీకు ఇలాంటి పరీక్ష ఉంటే ఉదయం టైము అడగండి. మాలాంటివాళ్ళకి మధ్యాహ్నం దాటితే అలసట వేరే స్థాయిలో ఉంటుంది, గది వేడిగా ఉంటే ఇంకా ఘోరం. చదివే కళ్ళద్దాలు మర్చిపోకండి. ముందు రాత్రి నిద్ర లేకపోతే అక్కడ ఆ మాట చెప్పండి, రాసుకుంటారు.

ఏప్రిల్ చివరలో ఆ రోజు వచ్చింది. మాటలూ ప్రశ్నలూ కలిపి దాదాపు రెండు గంటలు పట్టినా, అసలు పరీక్షలు అందులో చిన్న భాగమే. మొదటిదాంట్లో కాగితం పైన తొమ్మిది గుర్తులు, ఒక్కో గుర్తు కింద ఒక అంకె. దాని కింద అవే గుర్తులు కలగాపులగంగా వరసలుగా ఉంటాయి. 90 సెకన్లలో ఎన్నింటికి అంకె చెప్పగలిగితే అంత స్కోరు. దీన్ని ఎస్‌డీఎంటీ అంటారు. చేయి వణుకుతుంది కాబట్టి నన్ను రాయమనకుండా నోటితో చెప్పమన్నారు. చాలా తేలిక అనిపించింది, 41 వచ్చింది. నా వయసుకీ చదువుకీ అది తక్కువ. రెండోదాంట్లో 16 మాటలు చదివి వినిపిస్తారు, గుర్తున్నవి చెప్పాలి, అలా అయిదు సార్లు. మూడోదాంట్లో ఆరు బొమ్మలున్న కాగితం పది సెకన్లు చూపించి తీసేస్తారు, గుర్తున్నంత గీయాలి. అక్కడ మాత్రం నాకు ఏడుపు ఆగలేదు. పది సెకన్లు చూసిన ఆరు బొమ్మల్లో రెండే కాగితం మీదికొచ్చాయి. న్యూరోసైకాలజిస్టు గారు టిష్యూ పెట్టె నా వైపు జరిపి, కాసేపు ఆగి, మళ్ళీ చూపించారు. ఆ పెట్టె బల్ల మీద ఎప్పుడూ ఉంటుందనుకుంటా.

రిపోర్టు పది రోజులకి వచ్చింది. అందులో నాకు పనికొచ్చిన మాట ఒకటే: సమాచారాన్ని అందుకునే వేగం తగ్గింది, అందుకున్నది మాత్రం నిలుస్తోంది. అయిదు సార్లు విన్నాక నాకు మాటలు బాగానే వచ్చాయి, తర్వాత అడిగినా పెద్దగా జారిపోలేదు. మొదటిసారి వినడమే సరిగా లోపలికి వెళ్ళట్లేదు. నరాల మీద తొడుగులా ఉండే మైలిన్ దెబ్బతింటే కబురు నడిచే వేగం పడిపోతుంది కదా, ఆ మందగింపే ఇక్కడ మతిమరుపు వేషంలో కనిపిస్తోందన్నారావిడ. రిపోర్టు మా ఆయన చేతికిచ్చాను. అప్పటినుంచి ఒకసారి ఒకే సంగతి చెబుతున్నారు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన మార్పు అదే కావచ్చు, దానికి నేను తర్వాత వాడిన ప్రోబయోటిక్‌తో, అంటే మేలుచేసే బ్యాక్టీరియా ఉండే క్యాప్సూల్‌తో, సంబంధం లేదు.

మే నెలలో తమ్ముడు ఒక లింకు పంపాడు. "అక్కా, ప్రోబయోటిక్ ఇస్తే మైలిన్ పోయిన ఎలకలకి జ్ఞాపకం తిరిగొచ్చిందట, నువ్వెందుకు వాడకూడదు?" నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత రాత్రంతా కూర్చుని చదివాను. అంటే ఒక్కో పేజీ రెండుసార్లు.

చదివాక నాకు అర్థమైనది ఇంతే. జంతువుల్లో ఎంఎస్ తనంతట తాను రాదు, తెప్పిస్తారు. ఉదాహరణకి క్యూప్రిజోన్ అనే పదార్థాన్ని చిట్టెలుకల మేతలో అయిదారు వారాలు కలుపుతారు. మైలిన్ తయారుచేసే కణాలు చచ్చి మెదడులో తొడుగు ఊడుతుంది, మేత మార్చగానే మళ్ళీ చాలావరకు పెరుగుతుంది. జ్ఞాపకం చూడటానికి ఎలకని నీళ్ళ తొట్టిలో వదిలి, నీటి కింద కనబడకుండా ఉన్న గట్టు ఎంతసేపట్లో వెతుక్కుంటుందో చూస్తారు. నా బతుకులో నీళ్ళ తొట్టి లేదు, తొందరపెట్టే ఫోన్ కాల్స్ ఉన్నాయి. ఇక మనుషుల్లో చేసినవి చూస్తే, ఇరాన్‌లో 60 మంది ఎంఎస్ రోగులకి 12 వారాలు ఇచ్చి 2017లో ప్రచురించిన అధ్యయనం ఒకటి కనబడింది. నాలుగు రకాల బ్యాక్టీరియా కలిపిన క్యాప్సూల్ అది. వైకల్యం స్కోరు కొద్దిగా, డిప్రెషన్ స్కోరు, ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష మెరుగయ్యాయి. జ్ఞాపకాన్ని వాళ్ళు కొలవలేదు. 2018లో అమెరికాలో తొమ్మిది మంది ఎంఎస్ రోగులకి రెండు నెలలు ఇచ్చి చూసినదాంట్లో రోగనిరోధక కణాల తీరు శాంతించింది, ఆపాక ఆ మార్పు నిలవలేదు. తొమ్మిది మందే.

అంటే నేను అడుగుతున్న ప్రశ్నకి జవాబు అక్కడ లేదు. అయినా ఆశ ఆగదు. డాక్టరు గారికి మెసేజ్ పెట్టాను. జవాబుకి నాలుగు రోజులు పట్టింది, అదీ "వచ్చి మాట్లాడండి" అని.

ఆయన మందలించలేదు, ప్రోత్సహించనూ లేదు. "జ్ఞాపకానికి మందు అని దీన్ని నేను రాయను. మీరు వాడి చూస్తానంటే అడ్డు చెప్పను" అన్నారు. కొన్ని షరతులు పెట్టారు. రోగనిరోధక శక్తి తగ్గించే మందు మీద ఉన్నాను కాబట్టి ముందు తెల్లకణాల లెక్క, ఐజీజీ (ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీలు) చూశారు. సాకరోమైసిస్ అనే ఈస్టు ఉన్నవి కొనొద్దన్నారు, అరుదుగానే అయినా బలహీనంగా ఉన్నవాళ్ళ రక్తంలోకి అది చేరిన సందర్భాలున్నాయట. జ్వరం వస్తే ఆపి ఫోన్ చేయాలి. ఎంఎస్ మందు మానే ఆలోచనే రాకూడదు. ఎంఎస్‌కి ఏ మందు మీద ఉన్నారనేదాన్ని బట్టి ఈ జాగ్రత్తలు మారతాయి, నాకు చెప్పినవి చూసి మీరు కొనుక్కోకండి.

న్యూరోసైకాలజిస్టు గారు ఇంకో షరతు పెట్టారు, నాకు అది చేదుగా తగిలింది. ఆవిడ నాకు జ్ఞాపకశక్తికి శిక్షణ మొదలుపెట్టాలనుకున్నారు, విన్నవాటిని కథగా అల్లుకుని మనసులో బొమ్మ కట్టుకునే పద్ధతి, పది సెషన్లు. క్యాప్సూలూ శిక్షణా ఒకేసారి మొదలుపెడితే దేనివల్ల బాగుపడ్డారో తెలియదు, ఏదో ఒకటి ఎంచుకోండి అన్నారు. నేను క్యాప్సూల్ ఎంచుకున్నాను. అలా శిక్షణ శరదృతువుకి వెళ్ళిపోయింది.

జూన్ మొదట్లో ఎస్‌డీఎంటీ మళ్ళీ పెట్టారు, వేరే గుర్తుల కాగితంతో. రెండోసారి చేస్తే అలవాటు వల్లే కొంత పెరుగుతుందట, ఆ అలవాటు పెరుగుదల మందు ఖాతాలో పడకుండా ముందే చూసుకోవాలట. 43 వచ్చింది. ఇంకా ఒక్క క్యాప్సూల్ వేసుకోకుండానే రెండు పాయింట్లు పెరిగాను.

కొనడం దగ్గర తల తిరిగింది. డబ్బాల మీద కోట్లలో అంకెలు. అవి తయారైన రోజు లెక్కా, గడువు తీరే రోజు లెక్కా అన్నది చూడాలి, రెండూ ఒకటి కాదు. బ్యాక్టీరియా పేరు తర్వాత చిన్న అక్షరాలూ అంకెలూ ఉంటే ఆ జాతిలో ఏ రకం (స్ట్రెయిన్) అన్నది తెలుస్తుంది, చాలా డబ్బాల మీద అది ఉండదు. కొన్నింటిని ఫ్రిజ్‌లో పెట్టాలి, అవి ఎండలో రవాణా అయి వస్తే లోపల ఏముందో దేవుడికే తెలియాలి. ఇది మందు కింద లెక్కకి రాదని నా బీమా తిప్పికొట్టింది, మూడు నెలలూ జేబులోంచే. ఎంఎస్ మందు ఖర్చు ముందు ఇది చిన్నదే, కానీ దాన్ని బీమా కడుతోంది, దీన్ని నేను.

జూన్ మధ్యలో మొదలుపెట్టాను. మొదటి వారం కడుపుబ్బరం, గ్యాసు. పక్కన ఎవరైనా కూర్చుంటే లేచి వెళ్ళిపోవాల్సినంత. డాక్టరు గారి నర్సు సలహాతో రోజు విడిచి రోజు వేసుకుని, రెండో వారం తర్వాత రోజూ వేసుకున్నాను. బుర్రలో ఏ తేడా లేదు. ప్రతి ఉదయం లేవగానే "ఈరోజు తేటగా ఉందా?" అని నన్ను నేనే అడుక్కోవడం మొదలైంది, అది మానుకోవడానికి చాలా కష్టపడ్డాను.

మూడో వారం దాటాక మార్పు వచ్చింది, నేను ఎదురుచూడని చోట. ఎంఎస్‌తో పాటు నాకు మలబద్ధకం ఎప్పటినుంచో ఉంది, ఎవరికీ చెప్పుకోని బాధ. అది సగానికి సగం తగ్గింది. పేగు నిండి ఉంటే పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది, అందుకే తరచూ వెళ్ళాల్సి వస్తుందని నర్సు చెప్పింది. నిజమే, రాత్రి లేవడం ఒకసారికి వచ్చింది. ఏళ్ళ తర్వాత వరసగా నాలుగైదు గంటలు నిద్రపోయాను. జులై మధ్యకి పొద్దున పూట బుర్ర కచ్చితంగా తేటపడింది. తమ్ముడు సంబరపడి "చూశావా, పేగుకీ మెదడుకీ సంబంధం" అన్నాడు. సంబంధం ఉంది కానీ వాడు చదివిన దారిలో కాకపోవచ్చు. పేగు ఖాళీ అయింది, మూత్రాశయం ఊరుకుంది, నిద్ర పట్టింది, నిద్రపోయిన మనిషికి గుర్తుంటుంది. ఇందులో మైలిన్ ఎక్కడా రాలేదు. నా మటుకు నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

జులై చివర్లో అంతా తలకిందులైంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం. రెండు రోజులు కాళ్ళు బరువెక్కి నడక పోయింది, మాట మధ్యలో ఆగిపోయేది. మా పాప పేరు పిలవబోయి తమ్ముడి పేరు పిలిచాను. ఎటాక్ వచ్చిందనే భయంతో వణికిపోయాను. ఒంటి వేడి పెరిగితే తొడుగు పోయిన నరాల్లో కబురు ఇంకా తడబడుతుంది, జ్వరం తగ్గితే సర్దుకుంటుంది, ఇది కొత్త ఎటాక్ కాదన్నారు డాక్టరు గారు. ఆయన చెప్పినట్టే సర్దుకుంది, కానీ ఆ రెండు రాత్రులు ఎలా గడిచాయో నాకే తెలుసు. ప్రోబయోటిక్ ఆపమన్నారు, యాంటీబయోటిక్ వారం రోజులు. ఆరు వారాలుగా లోపల పెంచుకున్నవాటిలో ఎన్ని మిగిలాయో! జ్వరం తగ్గి కోర్సు పూర్తయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ ఉబ్బరం, ఈసారి రెండు రోజులే.

దీనివల్ల ఆగస్టు ఇన్ఫ్యూజన్ రెండు వారాలు వెనక్కి పోయింది, ఇన్ఫెక్షన్ ఉండగా ఎక్కించరు. డోసు దగ్గరపడే ముందు ఎప్పుడూ ఉండే నీరసం ఈసారి సాగింది. ఎక్కించే ముందు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల ఆ రాత్రి నిద్ర లేదు. అంటే నేను చేస్తున్న ఈ "ప్రయోగం"లో ఒక ఇన్ఫెక్షను, ఒక యాంటీబయోటిక్కు, ఒక ఆలస్యమైన డోసు, ఒక స్టెరాయిడు చేరాయి. అసలు అధ్యయనాల్లో సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఎందుకిస్తారో, ఎవరికేది ఇచ్చారో ఎందుకు దాస్తారో నాకు అప్పుడు ఒంటబట్టింది. నేను ఒక్కదాన్ని, నాకు ఏం వేసుకుంటున్నానో తెలుసు, బాగుపడాలని కోరిక కూడా ఉంది.

సెప్టెంబరు చివర్లో మళ్ళీ పరీక్ష. ముందు రాత్రి నిద్ర బాగా పట్టింది, గది చల్లగా ఉంది. ఎస్‌డీఎంటీ 46. మాటల జాబితాలో రెండు మూడు ఎక్కువ. బొమ్మల్లో తేడా లేదు. నేను కాగితం చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడ మెల్లగా చెప్పారు, కనీసం నాలుగు పాయింట్లు పెరిగితేనే నిజమైన మార్పుగా తీసుకుంటాం, జూన్ నుంచి మీకు వచ్చింది మూడు. ఏప్రిల్ నుంచి లెక్కపెడితే అయిదు కదా అన్నాను. "ఆ మొదటి రెండూ అలవాటువి, ఫిబ్రవరిలో మూత్రాశయం మాత్ర మార్చిన ప్రభావం కూడా ఎంతో కొంత ఉండొచ్చు" అన్నారు. వాదించలేదు. అలసట కొలిచే ప్రశ్నావళిలో మాత్రం స్కోరు బాగా దిగిందని, అది తనకీ సంతోషమేనని అన్నారు.

డాక్టరు గారు క్యాప్సూల్ ఆపి చూద్దామన్నారు. అక్టోబరు, నవంబరు వేసుకోలేదు. రెండో వారానికల్లా మలబద్ధకం తిరిగొచ్చింది, దాని వెనకే రాత్రి లేవడాలు. బుర్ర కూడా మసకేసింది. నిద్ర చెడినందుకా, క్యాప్సూల్ ఆపినందుకా, ఆపానన్న సంగతి తెలిసినందుకా, విడదీసి చెప్పే దారి నా దగ్గర లేదు. నవంబరులో శిక్షణ మొదలైంది, వారానికి రెండు చొప్పున. నాలుగో సెషన్‌కి ఫోన్లో విన్న నాలుగు సంగతులని ఒక పిచ్చి కథగా అల్లి గంట తర్వాత తిరిగి చెప్పగలిగాను. దీనికోసం జూన్ నుంచి ఆగానే అని బాధేసింది. నిద్ర లేని బుర్రతో కూడా అది పనిచేసింది మరి.

డిసెంబరులో క్యాప్సూల్ మళ్ళీ మొదలుపెట్టాం. శిక్షణ తర్వాతి పరీక్ష మార్చిలో ఉంది. ఈసారి ఏ అంకె వచ్చినా అందులో క్యాప్సూల్ వాటా ఎంతో ఎవరూ చెప్పలేరని ఆవిడ ముందే అన్నారు. నా ఫైల్లో మందుల జాబితాలోకి ప్రోబయోటిక్ కూడా చేరింది. దేనికి అన్న గడిలో డాక్టరు గారు "మలబద్ధకం" అని రాశారు.